ఆపదలో ఎవరిని పిలవాలి?

(విద్యార్థి వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను బ్యాంకు గుమస్తాగా చేసి రిటైరయ్యాను. వరుసలో గంటసేపు నిలబడి, తీరా వంతు వచ్చాక “ఇక్కడ కాదండీ, పక్క కౌంటరు” అనిపించుకున్నవాళ్లను ఎంతోమందిని చూశాను. బ్యాంకులో అయితే పోయేది ఒక గంట. ఆపదలో ఆ గంటే ప్రాణం.

ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. 1999 అక్టోబరు మూడో వారంలో మన గంజాం జిల్లాను తుపాను కొట్టినప్పుడు, బరంపురంలో మా పక్కింటి మీద చెట్టు విరిగిపడింది. లోపల పెద్దాయన కాలు చిక్కుకుంది. ఫోన్లు లేవు. బి.కాం. చదివిన నేను ముందుగా పరుగెత్తింది పోలీసు ఠాణాకి! చెట్టు కోసి మనిషిని బయటికి తీసే సరంజామా ఫైర్ స్టేషనులో ఉంటుందన్న సంగతి అక్కడికి వెళ్లాకగాని నాకు తట్టలేదు. ఆయన బతికారు గాని, ఆ తరవాత కర్ర లేకుండా నడవలేదు. అది నా తెలియనితనమే.

కాబట్టి ఎవరి పని ఏమిటో తెలుసుకోండి. శాంతిభద్రతలు, పోలీసు శాఖ రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల బాధ్యత. సరిహద్దు కాపలా కాసే బి.ఎస్.ఎఫ్., విమానాశ్రయాలను, పెద్ద పరిశ్రమలను కాపాడే సి.ఐ.ఎస్.ఎఫ్., రాష్ట్ర పోలీసులకు అండగా వచ్చే సి.ఆర్.పి.ఎఫ్. కేంద్ర హోం శాఖ కిందివి. సైన్యం, కోస్ట్ గార్డు రక్షణ శాఖ కిందివి. వరదల్లో, తుపానుల్లో సైన్యం వచ్చేది ప్రభుత్వాధికారులు కోరినప్పుడే.

అదే 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుపాను ఒడిశాలో సుమారు పదివేలమందిని పొట్టనబెట్టుకుంది. ఆ దెబ్బతో కళ్లు తెరిచాం. 2001లో రాష్ట్రం తన సొంత విపత్తు దళం ఓడ్రాఫ్‌ను ఏర్పాటు చేసింది. 2005లో పార్లమెంటు విపత్తుల నిర్వహణ చట్టం చేసింది. 2006లో జాతీయ దళం ఎన్.డి.ఆర్.ఎఫ్. వచ్చింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మన గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కాని ఈసారి లక్షలాదిమందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ముందుచూపు విలువ అదీ!

విద్యార్థులకు ఒక మాట. ఎన్.డి.ఆర్.ఎఫ్.లో చేరడానికి విడిగా పరీక్ష లేదు. కేంద్ర బలగాల్లో ఉన్నవారినే డెప్యుటేషన్ మీద తీసుకుంటారు. ఆ బలగాల్లో కానిస్టేబులు ఉద్యోగానికి పదో తరగతి చాలు. 2024 నుంచి ఆ పరీక్ష తెలుగులోనూ, ఒడియాలోనూ రాయవచ్చు. “మనకు హిందీ రాదు” అనే బెంగ ఇక వద్దు. డిగ్రీ పూర్తిచేసినవారు యు.పి.ఎస్.సి. ద్వారా అసిస్టెంట్ కమాండెంటు కావచ్చు.

తల్లులకు, తండ్రులకు ఒక మనవి. పోలీసు, ఫైర్, అంబులెన్సు దేనికైనా ఇప్పుడు 112 ఉంది. ఆ నంబరు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి. మన ఇళ్లలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కోడళ్లకు ఇంకా ఒడియా పట్టుబడి ఉండకపోవచ్చు. వీధి పేరు, ఇంటి గుర్తు, ఏం జరిగిందీ అన్న మూడు ముక్కలు ఒడియాలో చెప్పడం వారికి నేర్పండి. ఆ పని ఈ రాత్రికే పిల్లలకు అప్పగించండి.