కుటుంబకలహములు – మినూచిన్ వైద్యుని పద్ధతి

 

మన సంఘమునకు వచ్చు విన్నపములలో విద్యార్థివేతనములను గూర్చినవి పోగా మిగిలినవి చాలవఱకు కుటుంబకలహములే. వానిని విచారించు పెద్దలలో మేమును ఒకరము. ఒకరి తరువాత నొకరిని వేఱుగా పిలిచి వినుచున్నాము, తప్పెవరిదో తేల్చుచున్నాము, రాజీకాగితము వ్రాయించుచున్నాము. సంతకముల తడి యాఱకమునుపే కలహము మరల మొదలగుట మీరెఱుగనిది కాదు. కావున నీ పనినే వృత్తిగా గైకొనిన యొక వైద్యుని చరిత్రను విన్నవింప దలచితిమి.

సాల్వడార్ మినూచిన్ గారు 1921లో అర్జెంటీనా దేశమున నొక చిన్న యూరిలో, రష్యానుండి వలసవచ్చిన యూదుల వంశమున జన్మించిరి. వైద్యవిద్య ముగించి, 1948లో ఇజ్రాయెల్ సైన్యమున వైద్యులుగా పనిచేసి, పిమ్మట అమెరికా చేరిరి. అచ్చట న్యూయార్కు రాష్ట్రములోని విల్ట్‌విక్ పాఠశాలకు త్రోవ దప్పిన పేదబాలురను పంపెడివారు. పాఠశాలలో నున్నంతకాలము బాలుడు కుదుటపడును. ఇల్లు చేరగానే మొదటికి వచ్చును. ఇది చూచి మినూచిన్ గారును వారి సహచరులును బాలునొక్కనినే గాక యింటివారినందఱిని కూర్చుండబెట్టి మాటలాడ నారంభించిరి. ఆ యనుభవము 1967లో గ్రంథమై వెలువడెను.

వారు తీర్పరివలె గాక అతిథివలె ఆ కుటుంబమున చేరెడివారు. కొడుకు నడిగిన ప్రశ్నకు తల్లి యేల బదులు చెప్పుచున్నది? తండ్రి యేల గోడవైపు చూచుచున్నాడు? ఎవరెవరి ప్రక్కన కూర్చుండిరి? వీనినే గమనించెడివారు. జరిగిన తగవును తమకు చెప్పనీయక, తమ యెదుటనే వారిలో వారిని మాటలాడుకొనుమనెడివారు. దంపతుల నడుమ కూర్చున్న పిల్లవానిని లేపి వేఱొకచోట కూర్చుండబెట్టుటయు వారి చికిత్సలో భాగమే. కొన్ని యిండ్లలో ఎవరి గదికిని తలుపు లేనట్లు అందఱును అందఱి పనులలో చొరబడుదురు; కొన్నింట గోడలే గాని ద్వారములే యుండవు. ఈ రెండును చిక్కే యని వారి మతము. అత్తకును కోడలికిని నడుమ రాయబారియై నలిగిపోవు కొడుకులు ఈ సభలోనే కొందఱుందురు!

ఫిలడెల్ఫియాలో, మందు సరిగా నిచ్చుచున్నను మాటిమాటికి ఆసుపత్రి పాలగు మధుమేహపు పిల్లలను వారు పరీక్షించిరి. తల్లిదండ్రుల వాదులాటను చూచిన పిల్లల నెత్తురులో, కలతను దెలుపు క్రొవ్వు ఆమ్లములు పెరుగుట కనబడెను. పరీక్షింపబడినవారు కొద్దిమందియే యనియు, రోగమునకు తల్లిదండ్రులను దూషింపరాదనియు తరువాతివారు చేసిన యాక్షేపణ న్యాయమే.

మఱియొక యాక్షేపణ మాకు ముఖ్యముగా దోచినది. దెబ్బలు తినుచున్న యింతిని, కొట్టినవానిని ఒకే చాపపై కూర్చుండబెట్టి, ఇద్దఱిలోను లోపమున్నదనుట అన్యాయము. అట్టి వ్యాజ్యమున ముందుగా నామెకు రక్షణ కావలెను. 2005వ సంవత్సరపు గృహహింస చట్టము అందులకే కలదు. ఇట్టి కొన్ని కాగితములపై మేమును సంతకము చేసియున్నాము. అందులకు సిగ్గుపడుచున్నాము.

మినూచిన్ గారు 2017లో, తొంబదియాఱేండ్ల ప్రాయమున కీర్తిశేషులైరి. పట్టములేవియు లేని, పేదపేటలలోనే పెరిగిన సామాన్యులకు వారు ఫిలడెల్ఫియాలో ఈ విద్య నేర్పించిరి. శిష్యుడు కుటుంబముతో మాటలాడుచుండగా, ఒకవైపునుండి మాత్రమే కనబడు అద్దము వెనుక గురువు కూర్చుండి చూచి దిద్దెడివాడు. ఆ సామాన్యులు నేర్చినది మన పెద్దలు నేర్వలేరా?

కావున రాబోవు మహాసభలోపల మన విచారణసంఘమునుండి నలుగురిని, అందు ఇద్దఱు స్త్రీలుండునట్లుగా, ఈ విద్య నేర్చుటకు పంపవలెననియు, అంతవఱకు రాజీకాగితములు వ్రాయించుట నిలుపవలెననియు తీర్మానమును సభవారి యెదుట నుంచుచున్నాము.