ఏ ఊళ్లో ఉండాలి, ఏ పేరుతో ఉండాలి?

(పరిశోధన ముగించుకుని ఉద్యోగాల్లో చేరబోతున్న విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరికి నియామక పత్రాలు వచ్చేశాయి. మరికొందరు ఇంటర్వ్యూలు ఇచ్చి ఎదురుచూస్తున్నారు. అధ్యాపక వృత్తి గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను అంతకన్నా చిన్నగా కనిపించే విషయం ఒకటి ఎంచుకున్నాను. ఉద్యోగం వేరే రాష్ట్రంలో వచ్చింది, చేరడానికి నెల రోజుల గడువు ఉంది. ఇల్లు ఏ ఊళ్లో తీసుకోవాలి? పే లెవెల్ గురించి, ప్రమోషన్ గురించి, ప్రచురణల గురించి చెప్పడానికి సీనియర్లు ఉన్నారు. ఈ ఒక్క ప్రశ్నను మాత్రం మన పిల్లలు ఎవరికి వారే మోస్తున్నారు.

ఊరు మారే ఎవరైనా కొన్ని లెక్కలు వేసుకుంటారు. అద్దె ఎంత, ఆఫీసు ఎంత దూరం, బడి, ఆసుపత్రి, రైలు ఉన్నాయా లేదా. మనకూ ఆ లెక్కలన్నీ ఉంటాయి. వాటి పైన ఇంకొకటి ఉంటుంది: ఆ ఊళ్లో నా పేరు నేను చెప్పుకుని బతకగలనా?

ఈ ప్రశ్న మనకంటే ముందు బాబాసాహెబ్‌కు ఎదురైంది. బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఒప్పందం ప్రకారం 1917లో బరోడా కొలువులో చేరడానికి వచ్చారు. ఉద్యోగం చేతిలో ఉంది. ఉండటానికి చోటు లేదు. హిందూ హోటళ్లు రానివ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని దిగారు. ప్రభుత్వ బంగ్లా కోసం అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ ఒక అధికారి నుంచి మరో అధికారికి తిరుగుతూనే ఉంది. పదకొండో రోజు కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చారు, సాయంత్రానికల్లా ఖాళీ చేయమన్నారు. ఆ ఊళ్లో స్నేహితులున్నా ఎవరింట్లోనూ చోటు దొరకలేదు. రాత్రి బొంబాయి రైలు దాకా ఆయన కామాఠీ బాగ్ తోటలో కూర్చున్నారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఇదంతా ఆయనే రాసుకున్నారు.

ఈ ఘటనను మనం అవమానంగా గుర్తుచేసుకుంటాం. దాన్ని ఒక ఉద్యోగి కథగా కూడా చదవమని నా మనవి. కొలంబియాలో చదివిన మనిషి, రాజుగారే పిలిచి ఇచ్చిన కొలువు. అయినా ఆ ఉద్యోగం నిలవలేదు. ఆఫీసు పని చేతకాక పోయిన ఉద్యోగం కాదది, ఇల్లు దొరక్క పోయిన ఉద్యోగం.

ఇక నా సంగతి. మాది మంచిర్యాల వైపు. మొదటి ఉద్యోగం మహారాష్ట్రలోని వార్ధాలో వచ్చింది. మా స్టేషన్‌లో రైలెక్కితే బల్లార్షా దాటి సేవాగ్రామ్‌లో దిగొచ్చు. అమ్మ ఒక్కతే అయినా వచ్చి పోగలదు. చిన్న ఊరు, అద్దెలు తక్కువ, కాలేజీకి సైకిల్ మీద వెళ్లొచ్చు. కాగితం మీద వార్ధాకు మించిన ఊరు లేదు.

తెలుగు ఇంటిపేరు వింటే మరాఠీ ఇంటి యజమానికి కులం తెలియదు. అది మనకు రక్షణ అనుకుంటాం. తెలియదు కాబట్టే ఇంకా లోతుగా అడుగుతారు. ‘మీరు ఏ సమాజం?’ అన్నారు ఒకరు. ‘మీ ఇంట్లో ఏ దేవుడి పూజ?’ అన్నారు ఇంకొకరు. మూడో ఇంట్లో అడ్వాన్సు కూడా మాట్లాడుకున్నాక, సామాను ఏమేం ఉందని అడిగారు. మంచం, పుస్తకాలు, గోడకు పెట్టుకునే బాబాసాహెబ్ పటం అని చెప్పాను. సాయంత్రం ఫోన్ వచ్చింది, మేనల్లుడు వస్తున్నాడట, ఇల్లు ఇవ్వలేమట. అన్ని ఇళ్లూ ఇలాగే ఉన్నాయని అనను. ఆ నెల రోజుల్లో నాకు తగిలినవి ఇవి.

ఒక సహోద్యోగి మంచి మనసుతోనే సలహా ఇచ్చారు. ‘మేడమ్, పేరు చివర రెడ్డి అని చెప్పేయండి. ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?’ నాకు బరోడా సత్రం రిజిస్టరే గుర్తుకొచ్చింది. దొంగ పేరుకూ ప్రతి నెలా అద్దె కట్టాలి. ఊరి నుంచి అమ్మ వస్తే ఏం మాట్లాడకూడదో ముందే నేర్పాలి. ఏప్రిల్ 14న ఎక్కడికి వెళ్తున్నామో చెప్పకూడదు. ఏ ఉత్తరం ఏ చిరునామాకు రావాలో చూసుకోవాలి. పగలంతా తరగతిలో సామాజిక న్యాయం పాఠం చెప్పి, రాత్రి ఇంకొకరి పేరుతో నిద్రపోవాలి. నేను నాగపూర్‌లో ఇల్లు తీసుకున్నాను.

నాగపూర్ నుంచి వార్ధా 80 కిలోమీటర్లకు కాస్త తక్కువ. రైలు సమయానికి వస్తే గంటా గంటంబావు. స్టేషన్‌కు వెళ్లడం, ఎదురుచూడటం, దిగాక మళ్లీ ఆటో, అన్నీ కలిపితే రోజుకు నాలుగు గంటలు పోయేవి. మిగతావాళ్లు ఆ నాలుగు గంటల్లో పేపర్లు రాసుకునేవారు. ప్రమోషన్ ఫైలులో ‘ఈమె రోజూ నాలుగు గంటలు రైల్లో ఉంది, ఎందుకంటే...’ అని రాసే గడి ఉండదు.

డబ్బు సంగతీ చెబుతాను, ఇది మీకు అవసరం. కేంద్ర నిబంధనల ప్రకారం ఇంటి అద్దె భత్యానికి ఊళ్లను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులు చేశారు. ఇప్పుడు వాటికి మూల వేతనంలో 30, 20, 10 శాతం ఇస్తున్నారు. హైదరాబాద్ ఎక్స్, నాగపూర్ వై, వార్ధా జెడ్. ఈ భత్యం ఉద్యోగం ఉన్న ఊరిని బట్టి వస్తుంది, మీరు కాపురం ఉన్న ఊరిని బట్టి రాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూల వేతనం 57,700 రూపాయలు. జెడ్ ఊళ్లో ఉద్యోగం చేస్తూ వై ఊళ్లో ఉంటే చేతికొచ్చేది 5,770 మాత్రమే. నాగపూర్‌లోనే ఉద్యోగమైతే 11,540 వచ్చేది. ఆ తేడా, దాని పైన రైలు పాసు, ఆటో ఛార్జీలు మన జేబులోంచి పోతాయి. కులం మన దగ్గర ప్రతి నెలా వసూలు చేసే అద్దె ఇది. దీనికి రసీదు ఉండదు.

మరి నాగపూర్‌లో ఎందుకు దొరికింది? ఆ ఊరి గాలి మంచిదని కాదు. 1877లో మొదలైన ఎంప్రెస్ మిల్లులోనూ తర్వాత వచ్చిన మిల్లుల్లోనూ మహర్ కార్మికులు తరాల పాటు పనిచేశారు. కూలి డబ్బుతో బస్తీల్లో ఇళ్లు కట్టారు, పిల్లల్ని చదివించారు. 1942 జులైలో అఖిల భారత నిమ్న వర్గాల మహాసభ అక్కడే జరిగి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు పునాది వేసింది. 1956 అక్టోబర్ 14న దీక్ష అక్కడే. నాకు ఇల్లిచ్చినాయన రిటైరైన ఉద్యోగి, ఆయన తండ్రి మిల్లు కార్మికుడు. నన్ను అడిగింది రెండే, నీళ్లు పొద్దున ఆరింటికి వస్తాయి, లేస్తావా అని, ఒకటో తారీఖున అద్దె ఇస్తావా అని. మూడు తరాల శ్రమ ఆ రెండు ప్రశ్నల వెనక ఉంది. మనకు చోటిచ్చే ఊరు దానంతట అది తయారు కాదు, మనకన్నా ముందు వచ్చినవాళ్లు దాన్ని తయారు చేసి పెట్టారు.

ఇక్కడ మీరు ఒక ప్రశ్న అడగాలి. అలాగైతే మళ్లీ మన వాడలోకే వెళ్లమంటున్నారా అక్కా అని. న్యాయమైన ప్రశ్న. 2001 జనగణన ఆధారంగా ఏడు మహానగరాలను పరిశీలించిన త్రినా విథాయాథిల్, గాయత్రీ సింగ్ 2012లో ఒక వ్యాసం ప్రచురించారు. మన నగరాల్లో జనం ఆర్థిక స్థాయిని బట్టి విడిపోయిన దానికన్నా కులాన్ని బట్టి విడిపోయిందే ఎక్కువని తేల్చారు. ఆ ఏడింటిలో హైదరాబాద్ కూడా ఉంది. డబ్బు వస్తే వాడ చెరిగిపోతుందన్న నమ్మకం నిలిచేది కాదు.

బాబాసాహెబ్ జీవితంలో ఈ ప్రశ్నకు రెండు జవాబులున్నాయి. నేను చెప్పిన 1942 నాగపూర్ మహాసభ, అంటరానివారికి ప్రత్యేక గ్రామాలు కావాలని తీర్మానించింది. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో ఆయన అదే కోరారు, అందుకొక సెటిల్‌మెంట్ కమిషన్ ఉండాలన్నారు. అదే మనిషి 1930లలో తన ఇల్లు రాజగృహను బొంబాయి దాదర్‌లోని హిందూ కాలనీలో కట్టుకున్నారు. ఈ రెండూ నాకు పరస్పర విరుద్ధంగా కనిపించవు. ఇంకొకరి దయ మీద ఆధారపడి బతకకూడదన్నదే రెండింట్లోనూ ఉన్న పట్టుదల. కాబట్టి మన బస్తీలో ఇల్లు తీసుకుంటే సిగ్గుపడకండి. మిగతా ఊరు మనది కాదని మాత్రం ఒప్పుకోకండి.

చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల గురించి చెబుతుంది, అద్దె ఇంటి పేరు ఎత్తదు. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ మాత్రం, అంటరానితనం కారణంగా ఎవరినైనా ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండకుండా అడ్డుకోవడం నేరమని చెబుతుంది. అయితే మేనల్లుడు వస్తున్నాడన్న మాటను అంటరానితనంగా కోర్టులో రుజువు చేసేదెలా? 2005లో సుప్రీంకోర్టు గుజరాత్‌లోని ఒక పార్సీ గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని ఒక సమాజానికే పరిమితం చేసుకునే హక్కును సమర్థించింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం అడ్వాన్సు ఎంత ఉండాలో, ఎలా ఖాళీ చేయించాలో వివరంగా రాసింది. కులం పేరుతో ఇల్లు నిరాకరిస్తే ఏం చేయాలో రాయలేదు. అమెరికా 1968లోనే ఇళ్ల అమ్మకంలో, అద్దెలో జాతి వివక్షను నిషేధిస్తూ చట్టం తెచ్చుకుంది. మనకు అలాంటిది కావాలని అడగడం మీ తరం పని. సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల ఐదు నగరాల్లో దళితులు, ముస్లింలు అద్దె ఇంటికి వెళ్తే ఏమవుతుందో పరీక్షించి 2015లో ప్రచురించింది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అలాంటి అధ్యయనాలు మీరు చేయండి. రుజువు లేదన్నవాళ్ల ముందు రుజువు పెట్టండి.

ఊరు ఎంచుకోవడం ఉద్యోగస్తుల సుఖం అనుకోకండి. 1985 జులై 17న కారంచేడులో మాదిగలను చంపినప్పుడు, బతికినవాళ్లు చీరాల చేరుకున్నారు. తిరిగి రమ్మన్నా ఆ ఊరికి వెళ్లలేదు. చీరాలలోనే శిబిరం పెట్టి పోరాడారు, అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. నియామక పత్రం, ఇంటి అద్దె భత్యం ఏవీ లేని కూలీలు ఆ నిర్ణయం తీసుకున్నారు. ఎక్కడ ఉండాలో మేమే తేల్చుకుంటామని అన్నారు, అదీ అందరూ కలిసి అన్నారు. ఆ కలిసి అన్న మాటే మనం ఉద్యోగాల్లోకి వచ్చాక పోగొట్టుకుంటున్నాం.

అందుకే వెళ్లేముందు కొన్ని పనులు చేయండి. ఇల్లు వెతికే ముందు మనుషుల్ని వెతకండి. ఏ జిల్లా కేంద్రానికి వెళ్లినా అంబేడ్కర్ విగ్రహం దగ్గర జయంతి చేసేవాళ్లు, బ్యాంకుల్లో, రైల్వేలో, తపాలాలో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల సంఘాలవాళ్లు ఉంటారు. ఇంటి బ్రోకర్‌కన్నా ముందు వాళ్లకు ఫోన్ చేయండి. చేరిన రోజే క్వార్టర్ కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. బరోడాలో అర్జీ ఎలా తిరిగిందో విన్నారు కదా. కేటాయింపు నియమాల్లో ఎస్సీ, ఎస్టీలకు వాటా ఉందేమో చదవండి, లేకపోతే ఎందుకు లేదని అడగండి. ఒంటరిగా వెళ్లే చెల్లెళ్లు మొదటి నెల గెస్ట్‌హౌస్ అడిగి తీసుకోండి, తొందరలో ఏ ఇంటికీ అడ్వాన్సు ఇవ్వకండి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. 1936లో న్యూయార్క్‌లో విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి నల్లజాతి ప్రయాణికుల కోసం ఒక చిన్న పుస్తకం వేయడం మొదలుపెట్టాడు. ఏ ఊళ్లో ఏ హోటల్, ఏ ఇల్లు తమను రానిస్తుందో అందులో ఉండేది. మా దగ్గర ముగ్గురం కలిసి ఒక నోటు పుస్తకంలో అలాంటి చిట్టా రాయడం మొదలుపెట్టాం. పేరు అడిగి, ఆ తర్వాత ఏమీ అడగకుండా తాళం చెవి ఇచ్చిన ఇళ్లు. నాగపూర్‌లో చాలా, వార్ధాలో నాలుగు. నా తర్వాత చేరిన ఒక తమ్ముడు ఆ నాలుగింటిలో ఒకదాంట్లో దిగాడు. కాలేజీకి సైకిల్ మీద వెళ్తున్నాడు. నాకు పోయిన నాలుగు గంటలు అతనికి మిగిలాయి. ఈ ఏడాది అతని పరిశోధన వ్యాసం ఒకటి అచ్చయింది.

మీరు వెళ్లే ప్రతి ఊళ్లోనూ అలాంటి నోటు పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. మొదటి పేజీలో మీ ఫోన్ నంబరు రాయండి. తర్వాత వచ్చేవాళ్లు మొదట మీకే ఫోన్ చేస్తారు.

జై భీమ్.