దగ్గరగా ఫొటో కావాలా? ముందు మీరు దూరం జరగండి

మీ మెసేజ్‌ల్లో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, అడవి జంతువుల్ని బాగా దగ్గర నుంచి ఫొటో తీయాలంటే ఏ ఫోన్ కొనాలి? ఏ లెన్స్ బెటర్?" ఇవాళ దానికే జవాబు చెప్తా. కాకపోతే లెన్స్‌తో మొదలుపెట్టను. మన కడప జిల్లాలోని ఒక పక్షితో మొదలుపెడతా.

దాని పేరు కలివికోడి. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. సైజు చూస్తే మన తీతువు పిట్టంత ఉంటుంది. ఛాతీ మీద రెండు అడ్డపట్టీలు. కలివి, రేగు, తుమ్మ లాంటి ముళ్లపొదల మధ్య ఖాళీ నేల మీద, రాత్రిపూట తిరుగుతుంది. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదం అత్యంత ఎక్కువగా ఉన్న పక్షుల్లో ఇదొకటి.

1848లో ఇది శాస్త్రవేత్తలకు తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకున్నారు. కానీ 1986 జనవరిలో మళ్లీ దొరికింది. అంటే 86 ఏళ్ల తర్వాత! బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఇక్కడి ఊళ్లలో తిరిగి, బొమ్మ చూపించి, "ఈ పిట్టను ఎప్పుడైనా చూశారా?" అని అడిగారు. పుస్తకాల్లో 'లేదు' అనుకున్న పక్షి మన ఊరివాళ్లకి తెలుసు. పేరుతో సహా తెలుసు. అక్కడి వేటగాడొకాయన రాత్రి టార్చ్‌లైట్ వేసి ఒక పక్షిని ప్రాణాలతో పట్టుకొచ్చారు.

ఎంత సంతోషం కదా? కానీ ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు.

నేను ఎవర్నీ తప్పుపట్టట్లేదు. ఆ ఒక్క పక్షి దొరకడం వల్లే ఆ అడవికి రక్షణ దొరికింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. కానీ ఒక్కసారి ఆలోచించండి. 86 ఏళ్ల తర్వాత మనిషి దానికి అంత దగ్గరగా వెళ్లాడు, ఆ దగ్గరితనాన్ని అది తట్టుకోలేకపోయింది. అందుకే తర్వాత వచ్చిన పరిశోధకుల ముందు అసలైన ప్రశ్న నిలబడింది. ముట్టుకోకుండా, బెదరగొట్టకుండా ఈ పక్షిని చూడటం ఎలా?

వాళ్లు చేసింది వింటే, మీలో కోడింగ్ చేసేవాళ్లకి భలే నచ్చుతుంది.

పి. జగన్నాథన్, ఆయన సహ పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి, మెత్తటి మట్టి పట్టీలు పరిచారు. రాత్రి ఏ పక్షి నడిచినా తెల్లారేసరికి అడుగులు పడి ఉంటాయి. అయితే ఆ అడుగులు కలివికోడివా, తీతువువా? అది తేల్చడానికి పట్టీల దగ్గర ఆటోమేటిక్ కెమెరాలు పెట్టారు. పక్షి వస్తుంది, కెమెరా క్లిక్ అవుతుంది, పొద్దున ఫొటోనీ అడుగునీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అంతే. ఈ పద్ధతి గురించి 2002లో పరిశోధన పత్రం కూడా వచ్చింది. అక్కడ మనిషి లేడు, టార్చ్ లేదు, తరమడం లేదు. పక్షి తన పని తాను చేసుకుంటూనే ఫొటోలో పడింది.

సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, మనం సాధారణంగా చేసేది పోలింగ్. "ఉందా? ఉందా? ఉందా?" అని అడవంతా తిరిగి అడుగుతాం. కెమెరా ట్రాప్ చేసేది ఇంటరప్ట్. గమ్మున కూర్చుంటుంది, జంతువు వచ్చినప్పుడే లేస్తుంది.

ఎలా లేస్తుంది? ఇప్పటి కెమెరా ట్రాప్‌లలో చాలావాటికి పీఐఆర్ సెన్సర్ ఉంటుంది. మీ ఆఫీసు కారిడార్‌లో మనిషి రాగానే లైటు వెలుగుతుంది చూడండి, అదే టెక్నాలజీ. చుట్టూ ఉన్న వేడికీ, కదిలే ఒంటి వేడికీ ఉన్న తేడాను పట్టుకుంటుంది. అందుకే మన మే నెల మధ్యాహ్నాల్లో ఇది తడబడుతుంది. నేల కూడా జంతువు ఒళ్లంత వేడెక్కితే తేడా ఎక్కడుంటుంది? ఎండకు కాలిన గడ్డి గాలికి ఊగినా క్లిక్‌మంటుంది. పులుల లెక్కకైతే దారికి అటొకటి ఇటొకటి, ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. ఎందుకంటే పులికి కుడి పక్క చారలు వేరు, ఎడమ పక్క చారలు వేరు. ఆ చారలే దాని ఆధార్ కార్డు.

ఇప్పుడొక లెక్క చూడండి. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మొత్తం 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులి ఉన్నవి 76,651. భాగించి చూడండి, సుమారు 455 ఫొటోలకు ఒకటి! పులి ఉండే అడవిలో, రాత్రీ పగలూ కాపలా ఉన్న కెమెరాలకే ఇదీ పరిస్థితి. మరి మూడు గంటల సఫారీలో పులి కనపడలేదని డ్రైవర్ మీద కేకలేయడం ఏం న్యాయం చెప్పండి?

2020లో వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. రష్యా అడవిలో ఒక ఆడపులి చెట్టును కావలించుకుని, కళ్లు మూసుకుని ఉంటుంది. సెర్గీ గోర్ష్‌కోవ్ తీశారు. తీశారు అంటే, సెన్సర్ కెమెరా పెట్టి 11 నెలలకు పైగా ఎదురుచూశారు. చెట్టు పక్కన మనిషి నిలబడి ఉంటే ఆ పులి అలా కళ్లు మూసుకునేదా?

నేను చెప్పాలనుకున్న ముక్క ఇదే. మంచి క్లోజప్‌కి మనం పెట్టే ఖర్చు టైమే. ఆ టైం మనం పెట్టకపోతే, ఆ బిల్లు జంతువు కడుతుంది. ఎలాగంటారా? బట్టమేకతల పిట్టను తీసుకోండి. మన రోళ్లపాడు అభయారణ్యం వచ్చిందే దానికోసం. అది నేల మీద, మామూలుగా ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది. ఎవరో ఫొటో కోసం దగ్గరికెళ్తే తల్లి లేచిపోతుంది. ఎండలో గుడ్డు, పైన కాకి. ఆ ఫొటోకి లైకులు వస్తాయేమో గానీ, ఆ ఏడాది పిల్ల రాకపోవచ్చు.

ఇంకో సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు. ఎర వేయడం, తరమడం, పక్షుల గూళ్లనూ గుడ్లనూ కదిలించడం కూడా ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. చేతిలో ఉన్నది ఫోనే కదా అంటే కుదరదు.

సరే, మరి ఫోన్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? నాలుగు మాటలు చెప్తా.

ఒకటి, జంతువు మొహం చదవండి. మేత ఆపి మీ వైపు చూసిందంటే మీరు హద్దు దగ్గరున్నారు. దారి మార్చుకుందంటే హద్దు దాటేశారు. వెనక్కి రండి.

రెండు, తీతువు పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తోందంటే అది అపశకునం కాదు. దగ్గర్లో దాని గుడ్లున్నాయని అర్థం. వెతక్కండి. వచ్చిన దారినే వెళ్లిపోండి.

మూడు, అరుదైన జీవి ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ ఆపేయండి. స్పీకర్లో పక్షి కూత వినిపించి పిలవకండి. అది శత్రువు వచ్చాడనుకుని మేతా గూడూ వదిలి పరిగెత్తుకొస్తుంది.

నాలుగు, ప్రాక్టీస్ ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. మేడ మీద మూకుడులో నీళ్లు పెట్టండి. పక్కన ఫోన్ నిలబెట్టి, వీడియో ఆన్ చేసి, మీరు లోపలికి వెళ్లిపోండి. గోరింకలు, పిచ్చుకలు, ఉడత... ఎంత దగ్గరగా వస్తాయో చూడండి. అడవిలో మాత్రం పర్మిషన్ లేకుండా కెమెరా కట్టొద్దు. అది అటవీశాఖ, పరిశోధకులు చేసే పని.

చివరగా కలివికోడి సంగతి. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వెళ్లాల్సి వచ్చినప్పుడు, ఆ పక్షి అక్కడ ఉందని చూపించే ఆధారాలు ఉన్నాయి కాబట్టే కాలువ దారి మార్పించగలిగారు. మట్టి మీద పడ్డ మూడు వేళ్ల అడుగుకీ, ఎవరూ లేనప్పుడు పడ్డ ఫొటోకీ అంత బలం ఉంది. వాటి కోసం ఏ పక్షినీ చేత్తో పట్టుకోవాల్సిన పని పడలేదు.

కాబట్టి ఏ ఫోన్ బెటర్ అంటే, మీ జేబులో ఉన్నదే. దాన్ని అక్కడ పెట్టి మీరు పక్కకు జరగండి. మూకుడు దగ్గర ఎవరొచ్చారో కామెంట్లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.