పుష్కరాలకి పుట్టాడా? అయితే కోతే!

నందిగామ, జగ్గయ్యపేట వైపు ఏ పెద్దావిడనైనా మనవడి పుట్టిన తేదీ అడగండి. "తేదీ ఎవరికి గుర్తు నాయనా? కృష్ణా పుష్కరాలకి వేదాద్రిలో మునిగొచ్చిన నెలలోపే పుట్టాడు" అంటుంది. ఆ ఒక్క మాట చాలు. చైనావాళ్ల లెక్కలో ఆ మనవడిది కోతి!

ఎలాగంటారా? చైనాలో ఏడాదికో జంతువు. మొత్తం 12. మన కృష్ణా పుష్కరాలూ 12 ఏళ్లకోసారే. రెండింటి వెనకా ఉన్నది గురుగ్రహం నడకే. సూర్యుణ్ణి ఓసారి చుట్టి రావడానికి దానికి దాదాపు 12 ఏళ్లు పడుతుంది. చైనావాళ్లయితే దాన్ని 'ఏడాది చుక్క' అనే పిలిచారు.

అందుకే 2004 పుష్కరాల ఏడు కోతి. 2016 కూడా కోతే. అక్కణ్ణుంచి వేళ్లు మడవండి. కోతి తర్వాత కోడి, కుక్క, పంది, ఎలుక. ఆపైన ఎద్దు, పులి, కుందేలు. తర్వాత డ్రాగన్, పాము, గుర్రం, మేక. మళ్లీ కోతి.

ఒక్క మెలిక ఉంది. మన ఉగాదిలాగే వాళ్ల కొత్త ఏడూ జనవరి ఒకటిన రాదు. అమావాస్యని బట్టి జనవరి చివర్లోనో, ఫిబ్రవరిలోనో వస్తుంది. కాబట్టి సంక్రాంతికి పుట్టినవాళ్లది ముందటేడు జంతువే. 2016 సంక్రాంతికి పుట్టిన పిల్లది మేక. అదే ఏడు పుష్కరాలకి పుట్టిన బాబాయి కొడుకుది కోతి.

జాతకం కుదురుతుందా అంటే, ఆ పూచీ నాది కాదు. వయసు లెక్క మాత్రం కుదురుతుంది. మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. చైనాలో అదీ కోతి ఏడే.