అంతరిక్ష శిబిరమునకు మన పల్లె పిల్లలు
(ప్రసంగ పాఠము)



నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు పల్లెలలో తొమ్మిదవ తరగతి చదువు బాలబాలికలను గూర్చి మీకొక మాట మనవి చేయదలచితిని.

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2019లో ‘యువ విజ్ఞాని’ శిబిరములను ప్రారంభించినది. వేసవిలో సుమారు రెండు వారములు జరుగు ఈ శిబిరములకు శ్రీహరికోట, హైదరాబాదు కేంద్రములును వేదికలైనవి. అచట విద్యార్థి శాస్త్రజ్ఞుల ఉపన్యాసములు వినును; ప్రయోగశాలలు దర్శించును; చిన్న రాకెట్టు నమూనాను తన చేతులతో కూర్చును. పుస్తకమున బొమ్మగా చూచినది కన్నులయెదుట నిలిచినప్పుడు, ప్రశ్న అడుగుటకు జంకు తీరును; ‘ఇది నాకును సాధ్యమే’ యను ధైర్యము కలుగును.

ఎనిమిదవ తరగతి మార్కులు, ఆన్‌లైను క్విజ్, వైజ్ఞానిక ప్రదర్శనలు, క్రీడలు మొదలగువానినిబట్టి ఎంపిక జరుగును. పంచాయతీ పరిధిలోని పాఠశాలల వారికి ప్రత్యేక ప్రాధాన్యము కలదు. బస, భోజన, రైలు ఖర్చులను సంస్థయే భరించును.

అయినను దరఖాస్తు గడువు కొలది వారములే. వార్త ఊరికి చేరనిచో ఆ ప్రాధాన్యము కాగితముపైననే నిలిచిపోవును. కావున ఏటేటా ఫిబ్రవరిలోనే ప్రధానోపాధ్యాయుని కలిసి ప్రకటనను గూర్చి విచారింపుడు. ఆడపిల్లను దూరము పంపుటకు తల్లిదండ్రులు సందేహించినచో, తోడు వచ్చు పెద్దవారి రైలు ఖర్చును కూడ సంస్థ ఇచ్చునని నచ్చజెప్పుడు. ఆళ్ళగడ్డ పిల్లలు బస్సులో నంద్యాలకు వచ్చి రైలెక్కవలెను. ఆ మాత్రపు సాయము పంచాయతీకి భారము కాదు.