ఇరవై ఒక్క పత్రి ఎక్కడుండేది?



వినాయక చవితి వస్తోందంటే బజారుకెళ్లి పత్రి కట్ట కొనుక్కొస్తాం. విప్పి చూస్తే సగం ఆకుల పేర్లు మనకే తెలియవు.

మా పుట్టిల్లు కడప జిల్లా మైలవరం. చిన్నప్పుడు మా అవ్వ వెంట పత్రికి వెళ్లేదాన్ని. "అన్నీ ఒక్కచోట యాడుంటాయి పాపా, తిరగాల!" అనేది. చేని గట్టున గరిక, కంచె నీడన ఉత్తరేణి, పెన్న ఒడ్డున వావిలి, బీడులో జిల్లేడు, గుట్ట మీద రేగు, పాత గోడ పగులులో రావి.

ఏ మొక్కకైనా కావలసింది ఎండ, నీరు, మట్టే గదా! మరి బలమైనది తక్కినవాటిని మింగెయ్యలేదేం? మా మేడ మీద ఒకే తొట్టిలో తులసి, గరిక వేశాను. తులసి మొలక తేరుకోకముందే గరిక అల్లుకుపోయింది. పాపం, తులసికి వేరే చోటు లేదు.

ఊళ్లో అలా కాదు. జిల్లేడు విత్తనం దూదితో గాలికెగిరి, ఖాళీ నేల కనబడితే ముందుగా వాలుతుంది. తర్వాత పెరిగిన చెట్ల నీడకు అది చచ్చినా, అప్పటికే దాని విత్తనాలు ఇంకో బీడు చేరి ఉంటాయి. ఉత్తరేణి మన చీర కుచ్చిళ్లకూ మేకల వెంట్రుకలకూ అంటుకుని పోతుంది. రేగు, రావి పండ్లను పక్షులు మోస్తాయి. ఒకచోట ఓడినది మరోచోట బతుకుతుంది. నేల రకరకాలుగా ఉండాలి, అక్కడికి చేరే దారీ ఉండాలి. అప్పుడే అన్నిటికీ చోటు.

మరి చెడిందెక్కడ? 1877లో జమైకా నుంచి తెచ్చిన సర్కారు తుమ్మ గింజలను మా జిల్లాలోనే, కమలాపురం ప్రాంతంలో నాటారు, వంటచెరుకు కోసమని. అవ్వ పొయ్యిలో మండిందీ ఆ కంపే, కాదనను. కాయలు మేకలు తింటాయి, పెంటతోపాటు గింజలు ఊరంతా మొలుస్తాయి. దానికి గట్టు, బీడు, చౌడు, వాగు అనే తేడా లేదు. పైగా మిగిలిన గట్లను మనమే యంత్రాలతో చదును చేస్తున్నాం. ఊరంతా నా తొట్టిలాగే ఒక్క తీరు అయిపోతోంది.

మొన్న చవితికి వెళ్లి అవ్వ నడిచిన దారినే తిరిగాను. ఆరు రకాలే దొరికాయి.

పుట్టింట పొలం ఉన్నవాళ్లు అన్నదమ్ములకు ఒక మాట చెప్పండి. గట్లు, కంచెలు, ఓ మూల బీడు ఉండనివ్వమనండి. కంపను మొలకప్పుడే వేళ్లతో పెరికించమనండి. మన పిల్లలకు పత్రి పేర్లు చెప్పాలంటే, ముందు చూపించడానికి ఆకులుండాలి గదా!

సెలవు.