ఆడపిల్ల వాటా: చట్టం వెతికే పద్ధతి

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల మహిళా కార్యకర్తలు, లా విద్యార్థినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మా నాన్న 2005కి ముందే పోయాడు, అందుకని పిత్రార్జితంలో నాకు వాటా లేదన్నారు." ఈ మాట ఈ మెట్ట ఊళ్లలో మీరూ వినే ఉంటారు. చెప్పినవాళ్లు కల్పించి చెప్పింది కాదు. 2015లో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి అదే అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ తీర్పుని కొట్టేసింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అంది. ఈ రెండో తీర్పు వెతకని సలహాదారు వల్ల ఒక ఆడమనిషికి ఎకరమో, రెండెకరాలో పోతుంది. హైవే పక్కన ఎకరం ధరెంతో మీకు నేను చెప్పాలా!

సోషియాలజీలో డాక్టరేటు అయ్యాక నేను లా క్లాసులో కూర్చున్నాను. పరిశోధనా పద్ధతి పేరుతో అక్కడ మొదట నేర్పేది పుస్తకాల పని. చట్టం ఏమంది, దానికి సవరణ ఎప్పుడొచ్చింది, కోర్టు ఏమంది, ఆ తీర్పుని తర్వాతి తీర్పులు ఏం చేశాయి. వినడానికి చప్పగా ఉంటుంది. మన రాష్ట్రం సంగతే తీసుకుంటే ఆ చప్పదనం పోతుంది. 1986లో హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చి 29-ఎ సెక్షన్ చేర్చారు. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు. అయితే సెక్షన్ చివరిదాకా చదవాలి. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి వాటా వర్తించదని నాలుగో క్లాజులో ఉంది. ఒకే ఇంట్లో 1984లో పెళ్లయిన అక్కకి లేదు, 1986లో పెళ్లయిన చెల్లెలికి ఉంది! శుభలేఖ మీది తేదీకి దస్తావేజంత విలువొచ్చింది. 2005 కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది. కానీ 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలని, రిజిస్టరయిన లేదా కోర్టు డిక్రీతో అయిన పంపకాలని కదపలేదు. నోటిమాట పంపకం జరిగిపోయిందని అన్నదమ్ములు అంటే చాలదు. పబ్లిక్ డాక్యుమెంట్ల ఆధారం ఉంటే తప్ప, అదీ అరుదుగా తప్ప, ఒప్పుకోకూడదని వినీతా శర్మ తీర్పు.

తీర్పు చదివేటప్పుడు హెడ్‌నోటు దగ్గర ఆగకండి. అది ప్రచురణకర్తలు రాయించిన సారాంశం, కోర్టు మాట కాదు. లోపల పేరాలకి పేరాలు రెండు పక్షాల వాదనలే ఉంటాయి. ఓడినవాళ్ల వాదనని కోర్టు నిర్ణయంగా ఎత్తిరాసిన కాగితాలు నేను చూశాను.

ఇక లైబ్రరీలో దొరకనిది. లా రిపోర్టులో కనిపించేది పైకోర్టు దాకా వెళ్లగలిగినవాళ్లే. పసుపు కుంకుమల కింద ఇంత ముట్టిందని సంతకం పెట్టిన చెల్లెలు ఏ రిపోర్టులోనూ ఉండదు. ఆమె కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకి పోవాలి, ఇ.సి. తీయించాలి, హక్కు విడుదల దస్తావేజు నకలు చదవాలి. అసలు రిజిస్టరు అయిందా లేదా చూడాలి. లేదంటే ఆమె లోక్ అదాలత్ రాజీలో ఉంటుంది. ఆ అవార్డు మీద అప్పీలు లేదు కనుక ఆ కాగితం సంతకానికి ముందే చదివి వినిపించాలి. నా దృష్టిలో ఇదీ చట్ట పరిశోధనే, లా కాలేజీ దీనికి మార్కులు వేసినా వేయకపోయినా.

వెతికేటప్పుడు పేర్లతో జాగ్రత్త. మనది 2022 ఏప్రిల్ నుంచి ఎన్.టి.ఆర్. జిల్లా, పాత కాగితాల్లో కృష్ణా జిల్లా. 2019 జనవరి 1న అమరావతిలో మన హైకోర్టు మొదలైంది, అంతకుముందు తీర్పులు హైదరాబాదు హైకోర్టువి. లాయరు ఫీజు భయం ఉన్న స్త్రీకి, ఆదాయంతో పని లేకుండా, 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఉచిత సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయసేవల కమిటీకి అర్జీ ఇవ్వాలి.

ఇప్పుడు మీ చేతుల్లో ఉన్న జిరాక్సు మన రాష్ట్రపు కేసే, 1991 నాటి సాయిరెడ్డి వర్సెస్ నారాయణరెడ్డి. పంపకం దావాలో ప్రాథమిక డిక్రీ అయింది, తుది డిక్రీ కాలేదు, ఈలోపు 29-ఎ వచ్చింది. పంపకం పూర్తి కాలేదు కనుక కూతుళ్లకి వాటా ఉందని సుప్రీంకోర్టు అంది. ఇద్దరిద్దరుగా కూర్చుని, కోర్టు ఆ మాట అన్న పేరా ఎక్కడుందో, వాదన ఎక్కడ ముగిసిందో గీత గీయండి. తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.